నాలుగు వేలు దాటని మా కంప్యూటర్

మా కంప్యూటర్‌కి మూడు వేల ఆరువందల పది వచ్చిందని తెలిసిన మధ్యాహ్నం నేను కాస్త సంతోషించిన మాట నిజం. కావలసింది నాలుగు వేలు. నాలుగు వేలకి మూడు వేల ఆరువందల పది అంటే తొంభై శాతం. పాలకొల్లులో మా డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా ఎకనామిక్స్ చెబుతున్నాను. నా పేపర్లో తొంభై శాతం తెచ్చుకున్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఒక చెయ్యి చాలు, అందులోనూ కొన్ని వేళ్ళు మిగులుతాయి.

"డిస్టింక్షన్," అన్నాను.

"నాలుగు వేలు మొత్తం మార్కులు కాదండీ. పాసు మార్కు," అంది మా ఆవిడ.

"మరి మొత్తం ఎంత?"

"మొత్తం అంటూ లేదు. ఎంత మంచి కంప్యూటరైతే అంత వస్తుంది."

"మొత్తం లేని పరీక్ష ఏం పరీక్ష?"

"ఫెయిలైన పిల్లాడి తండ్రిలా మాట్లాడకండి," అని ఆవిడ ఒక నోటుబుక్కు తీసి, తేదీ వేసి, టైము వేసి, ఆ అంకె రాసుకుంది.

ఆవిడ తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పింది. ఆ స్కూలువాళ్ళు పై తరగతులు ఎత్తేశారు, వాటితోపాటు ఈవిడ ఉద్యోగమూ పోయింది. రెండేళ్ళ నుంచి ఆవిడకి ఉన్న విద్యార్థి నేనొక్కణ్ణే. విద్యార్థిగా నేను అంత ఆశాజనకంగా లేను. కుక్కర్ మొదటి విజిల్ నుంచి మూడో విజిల్ దాకా ఆరు నిమిషాలు పడితే, మొదటిదాని నుంచి ఏడోదాని దాకా ఎంత పడుతుంది అని వంటింట్లోంచి అడిగేది. నేను పేపరు దించకుండానే పద్నాలుగు అనేవాణ్ణి. "విజిల్స్ కాదు, మధ్యలో ఖాళీలు లెక్కపెట్టాలండీ," అనేది. ఆ గొంతులో కోపం ఉండేది కాదు. అంతకంటే ఇబ్బందిపెట్టేది ఒకటి ఉండేది. నా వయసుని క్షమించి మాట్లాడుతున్నట్టు ఉండేది.

అలాంటి మనిషికి పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పించే ఒక కంపెనీలో అవకాశం వచ్చింది. రాతపరీక్ష అయింది, ఫోన్లో ఇంటర్వ్యూ అయింది. రెండింటిలోనూ నెగ్గింది. చివరికి మిగిలింది ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఒక్కటే. క్లాసు చెబుతున్నప్పుడు వీడియో, బోర్డు, రికార్డింగు అన్నీ ఒక్కసారే నడవాలి కాబట్టి, వాళ్ళు పంపిన ఒక పరీక్ష నడిపి, అందులో వచ్చే రెండో అంకె నాలుగు వేలు దాటితే ఆ తెరని ఫొటో తీసి పంపమన్నారు. శనివారం గడువు. ఇప్పుడు నేను చెబుతున్నది సోమవారం సంగతి.

అంటే ఆవిడ రెండు పరీక్షలు పాసై వస్తే, మూడోది నేను కొన్న వస్తువు రాయాలి. ఆ కంప్యూటర్‌ని ఎనిమిది నెలల కిందట రాజమండ్రిలో నేనే దగ్గరుండి అసెంబుల్ చేయించాను. పదిహేను రోజులు చదివి, ఇంట్లోవాళ్ళకి ఒక్కొక్క భాగం గురించీ అక్కరలేనంత వివరించి మరీ కొన్నాను. ఆ తర్వాత దానిమీద నేను చేసిన పని ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడం. ఆ పనికి పలకా బలపం కూడా సరిపోయేవి.

ఇంతకీ ఆ రెండు అంకెలేమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను. లోపల ఉన్న చిప్పులో పనిచేసే చేతులు చాలా ఉంటాయి. మొదటి అంకె ఒక్క మనిషిని చేలో దింపి, ఎంత చకచకా నాటు వేస్తుందో చూడడం లాంటిది. రెండోది మొత్తం ముఠాని దింపి, ఎకరం ఎంతసేపట్లో పూర్తవుతుందో చూడడం. మా కంప్యూటర్‌కి మొదటి అంకె బ్రహ్మాండంగా వచ్చింది. ముఠా దిగేసరికే ఎందుకో నీరసపడుతోంది. కంపెనీవాళ్ళకి కావలసింది ముఠా.

మంగళవారం నేను రంగంలోకి దిగాను. తెరిచి ఉంచిన నలభై పేజీలు మూసేశాను. అందులో కొన్ని వేసవి నుంచి తెరిచి ఉన్నాయి. మళ్ళీ పరీక్ష పెట్టాను. మూడు వేల ఐదువందల నలభై. ఇలా కాదని వెంటనే ఇంకోసారి పెట్టాను. మూడు వేల నాలుగువందల ఇరవై. ఎక్కడో వేగం పెంచుతానని రాసి ఉన్న ప్రోగ్రామొకటి కనబడితే దాన్ని దింపి, ఎక్కించి, మూడోసారి పెట్టాను. మూడు వేల మూడువందల తొంభై. సప్లిమెంటరీ రాసినకొద్దీ మార్కులు తగ్గే విద్యార్థులు నాకు తెలుసు, కాని వాళ్ళు మధ్యలో కనీసం ఆర్నెల్లు విరామం తీసుకుంటారు.

"ఒకసారికి ఒకటే మార్చండి," అంది మా ఆవిడ, నోటుబుక్కులోంచి తల ఎత్తకుండా. "అన్నీ ఒక్కసారే మారిస్తే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?"

"పెరగడం కోసం మార్చానమ్మా, తగ్గడం కోసం కాదు."

"తెలుస్తోంది."

అదే గదిలో కిటికీ పక్కన మా అత్తగారు నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉండేవారు. మొగల్తూరు నుంచి కంటి ఆపరేషన్ కోసం వచ్చారు. శుక్లం తీశారు. నల్లద్దాలు తీయకూడదు, కంట్లో చెయ్యి పెట్టకూడదు, వంగకూడదు, మనసు కష్టపెట్టుకుని ఏడవకూడదు అని డాక్టరుగారు చెప్పారు. టీవీ చూడడానికి లేదు కాబట్టి మా కంప్యూటర్ వ్యవహారం వినడమే ఆవిడకి కాలక్షేపం. ఆ సాయంత్రం అడిగారు.

"ఇవాళ ఎంతొచ్చిందండీ అల్లుడుగారూ?"

"తగ్గిందండి అత్తయ్యగారూ."

"తగ్గితే మంచిదేగా అండి."

"జ్వరం కాదమ్మా," అంది మా ఆవిడ.

"అయితే పెరగాలన్నమాట," అని ఆవిడ ఆ సమాచారాన్ని ఎక్కడో భద్రపరుచుకున్నట్టు తల ఊపారు.

మా ఆవిడ ఆ రోజు ఇంకో పని చేసింది. సరిగ్గా మా కంప్యూటర్లో ఉన్న భాగాలే ఉన్న కంప్యూటర్లకి వేరే ఇళ్ళలో ఎంత వస్తోందో వెతికింది. అందరికీ నాలుగు వేల రెండువందల చిల్లర వస్తోంది. ఆ అంకెల్ని కూడా నోటుబుక్కులో ఎక్కించి, కింద గీత గీసి, నా ముందు పెట్టింది. నా మీద నింద వేసే ఉద్దేశం ఆవిడకి లేదు. గీత మాత్రం రెండుసార్లు గీసింది.

బుధవారం ఉదయం రాజమండ్రి షాపాయనకి ఫోన్ చేశాను. ఆయన మర్యాదస్తుడు. నేను ఆయన్ని అనుమానిస్తున్నానని ఆయనకి తెలియకూడదని నేనూ మర్యాదగానే మొదలుపెట్టాను.

"మీరు వేసింది మనం అనుకున్న చిప్పేనాండీ?"

"ఆయ్, డబ్బా మీ ఎదురుగానే కోశాను కదండీ సార్. డబ్బా ఇంటికి పట్టుకెళ్తానని అడిగి మరీ పట్టుకెళ్ళారు."

అది నిజం. డబ్బా బీరువామీద ఉంది.

"మరి మూడువేల మూడువందల చిల్లరే వస్తోందండి."

"మొదటి అంకె ఎంతొస్తోందండి?"

చెప్పాను.

"ఒంటరిగా బాగా చేసి, అందరూ దిగాక పడిపోతోందంటే అది వేడండి. చిప్పు కాలిపోకుండా అదే నెమ్మదిస్తుందండి. సీపీయూకి గాలి తగులుతోందాండి?"

"పైన సీలింగు ఫ్యానుందండి. నిన్నటి నుంచి పక్కన టేబుల్ ఫ్యాను కూడా పెట్టాను."

"మరి తగ్గకూడదండి. వెనకాల గోడకి ఆనించేశారాండి?"

"లేదండి, జానెడు ఖాళీ ఉంది."

రాజమండ్రి నుంచి పాలకొల్లు రావాలంటే ఆదివారమే కుదురుతుందన్నాడు. ఆదివారానికి మా గడువు దాటిపోతుంది. ఆ మాట చెబుతుంటే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కూరగాయల కత్తి అలాగే ఉంది, వంకాయ అలాగే ఉంది. అలాగే లోపలికి వెళ్ళిపోయింది. అంతవరకూ నాకది కంప్యూటర్ మార్కుల గొడవలాగే ఉంది. ఆ తర్వాత పేపరు చదవాలనిపించలేదు.

"పోనీ ఒక ఫొటో తీసి పంపండి సార్, చూస్తాను," అన్నాడు షాపాయన.

కిటికీ తెర పక్కకి లాగి, వెలుతురు సరిగ్గా పడేటట్టు చూసుకుని, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి పంపాను. రెండు నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశాడు.

"సార్, సీపీయూ ఫొటో పంపమన్నానండి."

"అదేనండి పంపింది."

"ఇది దేవుడి పల్లకీలాగుందండి."

"అదే సీపీయూ అండి."



"అది దాని లోపలుందాండి?" అన్నాడు, ఎవరైనా బావిలో పడ్డారా అని అడిగినట్టు.

ఇక్కడ నేను మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా అత్తగారి వైపు ఆడవాళ్ళందరూ లేసు అల్లినవాళ్ళే. మొగల్తూరు, నరసాపురం చుట్టుపక్కల ఇళ్ళలో మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగులమీద అందరి చేతుల్లోనూ లేసు సూదులే ఉంటాయి. అలాంటి ఇంట్లో నుంచి పిల్లని చేసుకున్నవాడి ఇంట్లో బట్ట కట్టని వస్తువు ఉండదు. టీవీకి లేసు, ఫ్రిజ్జుకి లేసు, ఫ్రిజ్జు పిడికి వేరే లేసు. మిక్సీకి గౌను. మంచినీళ్ళ కూజాకి అంచు చుట్టూ పూసలు కుట్టిన టోపీ. ఈ సీపీయూ కవరు మా అత్తగారు మూడు నెలల కిందట పంపారు. కన్ను మసకబారుతుండగా, ఇంక పెద్ద పని చేయలేనేమో అనుకుంటూ అల్లారు. నాలుగు పక్కలా పైనాపిల్ పువ్వులు, కింద కుచ్చులు, బటను నొక్కడానికి ముందుభాగంలో చిన్న తలుపు, ఆ తలుపుకి గుండీ. మేము రోజూ గుండీ విప్పి, బటను నొక్కి, గుండీ పెట్టేవాళ్ళం. అది ఉందని నేను షాపాయన దగ్గర దాచలేదు. అది ఉందన్న స్పృహే నాకు లేదు. ఒంటిమీద చొక్కా ఉందని ఎవరికైనా ఫోన్లో చెబుతామా.

"లేసే కదండీ, అన్నీ కన్నాలే. గాలి వెళ్ళదా?" అన్నాను ఆఖరి ప్రయత్నంగా.

"లోపల ఇంకేమన్నా ఉందేమో చూడండి సార్."

గుండీ విప్పి వేలు పెట్టి చూశాను. దుమ్ము పోకుండా లోపలంతా సాటిన్ లైనింగు ఉంది. మంచి లైనింగు, దగ్గర కుట్టు. ఇప్పుడు టేబుల్ ఫ్యాను గాలంతా ఎక్కడికి పోతోందో అర్థమైంది. కుచ్చులు ఊగుతున్నాయి.

మేమిద్దరం వంటింట్లో సమావేశమయ్యాం.

"మీరే చెప్పండి. మీ కంప్యూటర్," అంది మా ఆవిడ గుసగుసగా.

"మీ అమ్మగారు. నీ ఉద్యోగం," అన్నాను.

"అల్లుడు చెబితే ఏమీ అనుకోదు."

"అల్లుడు చెబితే పైకి ఏమీ అనరు. డాక్టరుగారు ఏడవకూడదన్నారు."

"పోనీ అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు తీసి, పరీక్ష పెట్టేసి, మళ్ళీ తొడిగేద్దాం," అంది. వెంటనే తనే తల అడ్డంగా ఊపింది. "వద్దు. రోజూ క్లాసు చెప్పేటప్పుడు ఎలా? కవరు తీసి తెచ్చుకున్న స్కోరు చూపించి, కవరు తొడిగి పనిచేయడం దొంగతనం."

నేను ఉపన్యాసం ఒకటి తయారు చేసుకున్నాను. కళకీ యంత్రానికీ ఉన్న సంబంధం దగ్గర మొదలై, మీ పనితనం మీద గౌరవంతోనే అన్న చోటికి చేరుతుంది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి రెండు చోట్ల వీలుంది. హాల్లోకి వెళ్ళి గొంతు సవరించుకున్నాను.

"ఆ గోడ పల్చనండి అల్లుడుగారూ," అన్నారు మా అత్తగారు. "కన్నుకే ఆపరేషన్ అయింది, చెవులకి కాదు."

నా ఉపన్యాసం అక్కడితో ముగిసింది.

"లైనింగు వేసింది నేనేగా అండి. లేసుకి గాలాడుతుంది, సాటిన్‌కి ఆడదు. అంత చదువుకున్నారు, దుమ్ము పోని దాంట్లోకి గాలెలా పోతుందనుకున్నారు?"

"అంత దూరం ఆలోచించలేదండి."

"మూడ్రోజుల నుంచీ దుప్పటి కప్పి పరుగు పందెం పెట్టి, ఎందుకు ఓడిపోయావని దాన్ని అడుగుతున్నారన్నమాట."

"మీరు బాధపడతారేమోనండి," అన్నాను.

"బాధెందుకండి? లేసు కొనే ఏజెంటు నెలనెలా వచ్చి, స్కేలు పెట్టి కొలిచి, అంగుళం తక్కువుందని ముక్కలు మొహాన కొట్టి వెళ్ళేవాడు. అప్పుడే ఏడవలేదు." ఆవిడ లేచి, తడుముకుంటూ వచ్చి, కవరుమీద అరచెయ్యి ఆనించి చూశారు. "అమ్మో, కాలిపోతోంది. ఇప్పుడు తీసి వెంటనే పెట్టకండి పరీక్ష."

"ఎందుకమ్మా?" అంది మా ఆవిడ.

"అప్పుడే అల్లిన ముక్క చేతి వేడికీ చెమటకీ ముడుచుకునుంటదే. దాన్ని ఎవరం కొలవం. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, చల్లారాక అప్పుడు స్కేలు పెడతాం. లేకపోతే ప్రతిసారీ ఒక్కో కొలతొస్తుంది. అల్లుడుగారు నిన్న వెంటవెంటనే పెడతా ఉంటే ఏదో పద్ధతి ఉందిగావాల అనుకున్నాను."

కొలిచే ముందు వస్తువుని స్థిమితపడనివ్వాలన్న మాట నేను ఎంఏలో చదివాను. గణాంకశాస్త్రం, రెండో సెమిస్టరు. మా అత్తగారు ఏడో తరగతిలో చదువు ఆపేశారు.

గుండీ ఆవిడే విప్పి, కవరు ఆవిడే పైకి లాగారు. వంగకూడదు కాబట్టి కింద కుచ్చుల దగ్గర నేను ఎత్తిపట్టుకున్నాను. నా మూడు రోజుల కంప్యూటర్ పరిజ్ఞానంలో ఉపయోగపడింది అదొక్కటే. తర్వాత మా ఆవిడ కార్యక్రమాన్ని చేతుల్లోకి తీసుకుంది. నా వేగం పెంచే ప్రోగ్రాముని ముందు సాగనంపింది. గురువారం పొద్దున, ఎండ ముదరకముందు, కంప్యూటర్ రాత్రంతా ఆగి ఉన్న తర్వాత, ఒకటి. గంట ఆగి ఇంకొకటి. ఇంకో గంట ఆగి మూడోది. నన్ను కుర్చీకి దూరంగా కూర్చోమంది.

నాలుగు వేల రెండువందల ఇరవై. నాలుగు వేల నూట తొంభై. నాలుగు వేల రెండువందల అరవై.

"చివరిది పంపు," అన్నాను.

"ఎక్కువకీ తక్కువకీ మధ్యది పంపుతాను," అంది.

"ఎక్కువ వచ్చింది కూడా మనదే కదా."

"తక్కువ వచ్చింది కూడా మనదే. రోజూ ఉండేది మధ్యది." నాలుగు వేల రెండువందల ఇరవై వచ్చిన తెర ఫొటో పంపింది. ఇంట్లో ముగ్గురు మనుషులుంటే ఇద్దరు నిజాయితీపరులు కావడం ఆ మూడోవాడికి చాలా ఇరుకుగా ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం జవాబు వచ్చింది. కంప్యూటర్ సరిపోతుంది. మంగళవారం నాలుగింటికి ఒక పిల్లకి అరగంట క్లాసు చెప్పి చూపించాలి, అది బాగుంటే తీసుకుంటారు. మా ఆవిడ ఆ మెయిలు రెండుసార్లు చదివి, వెళ్ళి కందిపప్పు ఏరడం మొదలుపెట్టింది. ఆ పప్పు ప్యాకెట్లో వచ్చింది. దానిలో ఏరడానికి ఏమీ ఉండదు.

మంగళవారం మూడున్నరకి ఆవిడ నా ఫోన్‌ని ఇంటి నెట్‌లోంచి తీసేయించి, నన్ను గదిలోంచి తీసేయించి, తలుపు దగ్గరగా వేసింది. నేనూ మా అత్తగారూ వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. లోపలి మాటలు సగమే వినబడుతున్నాయి. మా ఆవిడ గొంతు రెండేళ్ళ కిందటి గొంతులా ఉంది. వంటింట్లోంచి నన్ను అడిగే గొంతు కాదు. ఇది కొంచెం నెమ్మది, కొంచెం పొడుగు.

పన్నెండు లడ్డూలున్నాయి, ఒక్కొక్కరికి సగం లడ్డూ పెడితే ఎంతమందికి వస్తాయి అని అడిగింది. అవతల పిల్ల వెంటనే ఆరు అంది. నేనూ మనసులో అదే అనుకున్నాను. ఆ తర్వాత గదిలోంచి ఏ శబ్దమూ లేదు.

"ఏంటండీ, ఆగిపోయిందా కంప్యూటరు?" అన్నారు మా అత్తగారు.

"లేదనుకుంటానండి."

"మరెందుకు ఊరుకుంది?"

ఆ పిల్లకి తప్పని చెప్పలేదు, ఒప్పని చెప్పలేదు. ఊరికే ఎదురు చూస్తోందని నాకు కాసేపటికి తట్టింది. నాకైతే అంత సమయం ఎప్పుడూ ఇవ్వలేదు. పక్క కుర్చీలో మా అత్తగారు నల్లద్దాలు తీసేసి, కూడదన్న మాట మరిచిపోయి, తలుపు వైపు చూస్తున్నారు. నేను ఆవిడ చేతిలోంచి అద్దాలు తీసుకుని మళ్ళీ పెట్టాను.

"ఇరవై నాలుగు, మేడమ్," అంది లోపలి చిన్న గొంతు.

"ఎలా వచ్చింది?" అంది మా ఆవిడ.

పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. బాగా వివరంగా చెబుతోంది.